ఎవరూ తలుపు కొట్టని మధ్యాహ్నం రంగు

పాప నిద్రపోయింది. ఈ ఒక్క మాట రాసి, లేచి వెళ్ళి, దాని ముక్కు దగ్గర వేలు పెట్టి, వెచ్చటి ఊపిరి తగిలాక వచ్చి మళ్ళీ కూర్చున్నాను. రెండేళ్ళు నిండిన పిల్లకి కూడా ఇంకా ఇదేంటని మా ఆయన నవ్వుతారు. నాకు మాత్రం అది చూసుకోనిదే రెండో వాక్యం రాదు.

మేం సూరత్ వచ్చేనాటికి పాపకి నాలుగు నెలలు. ఆయనకి బ్యాంకు బదిలీ. బమ్రోలిలో మేడ మీద రెండు గదులు అద్దెకి దొరికాయి. చుట్టూ పవర్‌లూమ్‌లు. పగలనీ రాత్రనీ లేకుండా మగ్గాల చప్పుడు. మొదటి వారం పాప చెవుల్లో దూది పెట్టాను. తర్వాత తెలిసింది, అది నిద్రపోయేదే ఆ చప్పుడులోనని. కరెంటు పోయి మగ్గాలు ఆగిపోతే ఉలిక్కిపడి లేచేది. వీధి మొత్తం ఊపిరి బిగబట్టినట్టుండే ఆ నిశ్శబ్దంలో మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చునేవాళ్ళం.

కింది వాటాలో కరీంనగర్ వైపు నుంచి వచ్చిన భార్యాభర్తలు ఉంటారు. ఆవిడ నాకంటే పదేళ్ళు పెద్ద. అక్కా అంటాను. ఇంట్లోనే కూర్చుని ఎంబ్రాయిడరీ చీరల వెనక వేలాడే దారాలు కత్తిరిస్తుంది. ఆయన పాండేసరలో చీరలకి రంగులద్దే మిల్లులో పనిచేస్తారు. అక్క భర్త కాబట్టి నాకు బావగారు. నన్ను మాత్రం మేడం అంటారు.

"చెల్లె అనరాదా? నోరు పోతదా?" అని అక్క ఒకసారి కసిరింది.

"కొరియరోని కాగితం మీద ఇంగ్లీషుల సంతకం చేసింది, జూసిన. గంత చదువుకున్నోళ్ళను చెల్లె అంటె బాగుండదు" అన్నారు ఆయన.

నేను చదివింది బి.ఎస్సీ. వృక్షశాస్త్రం. ఆ చదువుతో ఇక్కడ నేను చేస్తున్న పనల్లా పాప నాలుక రంగు చూడడం, వీధి చివర మురుగు కాలువ ఇవాళ ఏ రంగులో పారుతోందో చూసి భయపడడం. ఒకరోజు నీలం, ఒకరోజు జామపండు లోపలి రంగు. ఆ నీళ్ళ మీద పడ్డ ఎండకి మా గది పైకప్పు మీద రంగు నీడలు కదులుతున్నాయని నాకు అనిపించేది. అంత దూరం నుంచి పడవని తెలుసు. అయినా పడుకుని పైకి చూస్తూ ఉండేదాన్ని.

దీపావళికి ముందు మిల్లుల్లో దులుపుళ్ళు జరుగుతాయి. బావగారి పని సాంపిళ్ళ గదిలో. వేసిన ప్రతి డిజైన్‌లోంచీ రెండంగుళాల ముక్క కత్తిరించి, పెద్ద పుస్తకంలో అంటించి దాచిపెట్టాలి. ఆ ఏడు పాత పుస్తకాలన్నీ చిత్తుకాగితాల వాడికి వేసెయ్యమన్నారట. అందులోది ఒకటి పాప ఆడుకోవడానికి పట్టుకొచ్చి, మెట్ల కింద నుంచే అందించారు.

"బొమ్మల పుస్తకం అనుకో మేడం. చింపినా ఏం గాదు."

నల్ల అట్ట. ఒడిలో పెట్టుకుంటే మోకాళ్ళు రెండూ కప్పేసేంత వెడల్పు. ఎడమ పేజీలో ఒకే డిజైన్ ముక్కలు ఆరు, ఆరు రంగుల్లో. ఆ ఆరింటినీ కలిపి మ్యాచింగ్ అంటారు. కుడి పేజీ ఖాళీ. రంగుల మాస్టరు ఏమైనా రాసుకోవడానికట, ఆయన ఎప్పుడూ ఏమీ రాయలేదు. కాలేజీలో మేం ఆకుల్నీ పువ్వుల్నీ అట్టల మీద అంటించి, పక్కన పేరూ దొరికిన చోటూ రాసేవాళ్ళం. ఆ అలవాటు చేతిలోంచి పోలేదేమో, ఖాళీ పేజీ చూడగానే నాకు పెన్ను కావాలనిపించింది.

పాప ఒళ్ళో కూర్చుని వేళ్ళతో బట్టముక్కల్ని తడిమేది. కొన్ని గరుకు, కొన్ని నీళ్ళలా జారేవి. దానికి నచ్చిన ముక్క దగ్గర వేళ్ళు ఆగేవి. ఆగిన చోట కుడి పేజీలో నాకు తోచింది రాసేదాన్ని. ముందు చీర రంగు గురించి రాద్దామనుకున్నాను. రంగు గురించి ఒక్క మాటైనా రాయకముందే ఇంకేదో వచ్చేది.

'ఒక ఊళ్ళో కలల్ని ఇంటింటికీ బట్వాడా చేసే మనిషి ఉంటాడు. ముసలితనం వచ్చి చూపు మందగించింది. ఇళ్ళు తప్పుతున్నాడు. ఎవరి కల ఎవరికి చేరుతుందో?'

'అద్దె ఇంటి గోడకి ఎవరో వదిలేసి వెళ్ళిన మేకు. దానికి ఏం వేలాడేదో కనిపెట్టాలి.'

'డాబాల మీద మర్చిపోయిన చీరలు. తెల్లవారేలోపు ఎవరింటి సంగతి ఎవరికి చెప్పాయో.'

ఇవి కథలు కావు. కథలు రాయడం నాకు వచ్చనీ అనుకోలేదు. ఒక తలుపు కొద్దిగా తెరుచుకుంటుంది, వెలుతురు కనిపిస్తుంది, అంతలో పాలు పొంగుతాయి, లేకపోతే పాప దగ్గుతుంది. అంతవరకే రాసి మూసేసేదాన్ని. తారీఖులు లేవు. నెమలికంఠం రంగు క్రేప్ పక్కన బట్వాడా మనిషి, ఇటుక రంగు జార్జెట్ పక్కన మేకు, అలాగే గుర్తు. పాప వేళ్ళు ఏ పేజీలో ఆగితే ఆ పేజీ. ఎవరికీ చూపించేదాన్ని కాదు. మా ఆయన అడిగితే "పాప బరువూ ఎత్తూ రాసుకుంటున్నా" అన్నాను. ఆయన నమ్మారు. నా భయాలు చూసినవాళ్ళెవరైనా నమ్ముతారు.

అక్క మాత్రం నమ్మలేదు. "ఏం రాస్తున్నవ్ చెల్లె గంతసేపు? బట్టలకు సర్టిఫికెట్లు ఇస్తున్నవా?" అనేది మెట్ల మీద దారాలు కత్తిరిస్తూ.

ఒక సాయంత్రం పాప ఒక ముక్క అంచుని నోట్లో పెట్టుకుని చప్పరించింది. పెదాలు ఎర్రబడ్డాయని నాకనిపించింది. పిల్లని చంకనేసుకుని కిందికి పరుగెత్తాను.

"బావగారూ, ఈ రంగు విషమా? కడుపులోకి పోతే ఏమవుతుంది?"

ఆయన పాప నోరు చూశారు. ముక్క చూశారు. "రంగు పోతే గదా మేడం కడుపులకు పోయేది! బట్టీల ఉడకబెట్టి ఎక్కించిన రంగిది. సబ్బు పెట్టి బండకేసి కొట్టినా పోదు. పోతే మా మాస్టర్ నన్ను గోడకేసి కొడ్తడు."

"ఆమె చూస్తున్నది పోరి నోరు కాదు, తన భయం" అంది అక్క. "గా పెదాలు పుట్టినకాన్నుంచి గంతే ఎర్రగున్నయి."

అయినా మూడు రోజులు నాలుక చూశాను.

పుస్తకంలో పాపకి అన్నిటికంటే ఇష్టమైన పేజీ ఒకటుంది. చిన్న చిన్న కొమ్మలు అల్లుకున్న డిజైన్. ఆ బట్ట ఎలా నేశారో గానీ మిగిలిన వాటికంటే మెత్తగా, పట్టుకుంటే చల్లగా ఉండేది. ఆరు ముక్కల్లో ఒకదాని మీదే దాని వేళ్ళు. రోజూ నిద్రపోయేది ఆ ముక్కని బొటనవేలితో రుద్దుతూనే. దాని పక్కన నేను రాసిన మాట ఇది:

'ఈ రంగులో ఒక మధ్యాహ్నం ఉంది. ఎవరూ తలుపు కొట్టని మధ్యాహ్నం.'

రాసినప్పుడు చాలా బాగుందనిపించింది. రెండు రోజులు దాన్ని తలుచుకుని నాలో నేనే నవ్వుకున్నాను.

పాపకి ఏడాది నిండాక ఒక ఆదివారం డుమస్ సముద్రతీరానికి వెళ్ళాం. అక్కడ కొత్త మనుషుల మధ్య పాప ఏడుస్తుందేమోనని బయలుదేరే ముందు ఆ ముక్కని నెమ్మదిగా పీకి దాని చేతికిచ్చాను. నల్లటి ఇసుక, దూరంగా వెనక్కి పోయిన సముద్రం, బండ్ల దగ్గర టమోటా బజ్జీల నూనె వాసన. మా ఆయన బజ్జీలు తేవడానికి వెళ్ళారు. పాప గుప్పిట విప్పింది. గాలి ఆ ముక్కని ఎత్తుకుపోయి, తడి బురద మీదుగా దొర్లించుకుంటూ తీసుకెళ్ళిపోయింది. నేను లేవలేదు. లేస్తే పాప ఒక్కతీ అయిపోతుందని కూర్చుండిపోయాను. బురదకీ ఆకాశానికీ తేడా లేని ఆ చోట ఒక చిన్న రంగు చుక్క చాలాసేపు కనిపించి, తర్వాత లేదు.

ఇంటికొచ్చి, పుస్తకంలో జిగురు ఎండిపోయిన ఆ ఖాళీ చతురస్రం మీద 'సముద్రం తీసుకుంది' అని రాశాను. అది కూడా బాగుందనిపించింది. పాప రెండు రోజులు నిద్రకి ఏడ్చి, మూడో రోజు పక్క ముక్కకి అలవాటు పడింది.

హోలీ వెళ్ళిన కొన్నాళ్ళకి, పొద్దు గుంకే వేళ, బావగారు మొదటిసారి మా గుమ్మం దాకా వచ్చారు. మామూలుగా మెట్ల కింద నుంచే మాట్లాడతారు. ఆ రోజు చెప్పులు విప్పి, తల దించుకుని నిలబడ్డారు. వెనక అక్క.

"జర మాట్లాడాలె మేడం. గా పుస్తకం ఉన్నదా?"

"ఉంది బావగారూ. ఏమైంది?"

ఆయన బదులు అక్క చెప్పింది. "ఏమైతది? ఈయన తెలివి తెల్లారింది. అట్ట మీద నంబరు జూసి పారెయ్యిరా అంటే, లోపల బట్టను జూసి పారేసిండు."

జరిగింది ఇది. ఏ నంబరు దాకా పుస్తకాలు పారేయాలో మాస్టరు చెప్పాడు. బావగారికి నంబర్ల మీద గురి లేదు, తన కళ్ళ మీద ఉంది. ప్రతి పుస్తకమూ తెరిచి, ఇందులో డిజైన్లు ఇక నడవవు అని తనకనిపించిన వాటిని కూడా తీసేశారు. మాకిచ్చింది అలాంటిది. ఇప్పుడు కలకత్తా నుంచి ఒక వ్యాపారి అందులోని ఒక డిజైన్ మళ్ళీ కావాలన్నాడు. ఆరు రంగులూ కావాలి. పెళ్ళిళ్ళకి కొన్నవాళ్ళు ఆ బట్ట మెత్తదనం మరిచిపోలేక మళ్ళీ అడుగుతున్నారట.

"కొమ్మల డిజైన్" అన్నారు బావగారు.

పాప రోజూ వేళ్ళు పెట్టే పేజీ.

"ముక్కలు లేకపోయినా ఎలా కలిపారో మిల్లులో రాసి ఉంటుంది కదా?"

"మాస్టర్లు రంగు చూపిస్తరు గని రాత చూపియ్యరు మేడం. ఏ పొడి ఎంత కలపాలెనో వాళ్ళ జేబుల డైరీల ఉంటది. పెండ్లానికి గూడ చూపియ్యరు. గీ రంగులు చేసినాయిన పోయినేడు నౌకరి ఇడిసి ఇంకో మిల్లుకు పోయిండు. డైరీ ఆయన ఎంబడే పోయింది. ఇగ ఉన్నది గీ ముక్కలే. రేపు రెండు గంటల షిఫ్టుకు పేజీ తీస్కపోకుంటే గేట్ల అడుగు పెట్టొద్దన్నడు ఇప్పటి మాస్టర్."

జేబులో డైరీ దాచుకున్న ఆ మాస్టరు మొహం నాకు తెలియకపోయినా, ఆ క్షణంలో ఆయన మీద కోపం రాలేదు. పాప బరువు రాసుకుంటున్నానని అబద్ధం చెప్పినదాన్ని నేనూ ఉన్నాను.

పుస్తకం తెచ్చి పేజీ తెరిచాను. అయిదు ముక్కలు, ఒక ఖాళీ. బావగారు ఆ ఖాళీ మీద వేలు పెట్టి, దానిమీద నా అక్షరాలు కూడబలుక్కున్నారు. "స...ముద్రం... తీసు...కుంది." ఆయన అయిదో తరగతి దాకా చదివారు.

"గదేంది?" అంది అక్క.

చెప్పాను. డుమస్, గాలి, బురద, అంతా. చెబుతున్నంతసేపూ నాకు ఒకటే అనిపించింది. ఆ రోజు లేచి నాలుగడుగులు పరుగెత్తి ఉంటే ఈ మనిషి ఇవాళ నా గుమ్మంలో తల దించుకుని నిలబడేవాడు కాదు. పాప ఒక్కతీ అయిపోతుందన్న భయం నిజమే. కానీ ఆ రంగు చుక్క పోతుంటే చూడటం నాకు ఇష్టంగా ఉందన్నది కూడా నిజం.

బావగారు నన్ను ఒక్క మాట అనలేదు. "ఏం రంగది? నాకు యాదికి లేదు. మీరు రోజు జూసిండ్రు గదా. రాసిండ్రు గూడ. ఏం రాసిండ్రో సదువుండ్రి."

చదవక తప్పలేదు. పేజీలోంచి తల ఎత్తకుండా చదివాను. "ఈ రంగులో ఒక మధ్యాహ్నం ఉంది. ఎవరూ తలుపు కొట్టని మధ్యాహ్నం."

బావగారు ఆ ఖాళీ మీద మళ్ళీ వేలు పెట్టారు.

"ఎవ్వరు తలుపు కొట్టని మధ్యాహ్నం ఏం రంగుంటది మేడం?" అన్నారు బావగారు. వెటకారం కాదు. నిజంగానే అడిగారు. ఆ రంగు తెలిస్తే కలుపుదామన్నట్టు అడిగారు.

"మా ఇంట్లైతే నల్లగుంటది. తలుపులేసి పండుకుంటం" అంది అక్క. నవ్వబోయి, మొగుడి మొహం చూసి ఆపుకుంది.

నేను కళ్ళు మూసుకున్నాను. పసుపు. కానీ పసుపు కాదు. ఎరుపు లోపలెక్కడో ఉంది. కాలేజీలో నేను అట్ట మీద అంటించిన మొదటి పువ్వు గుర్తొచ్చింది. "తంగేడు పువ్వు" అన్నాను. "కోసినప్పుడు కాదు. కాగితాల మధ్య పెట్టి నొక్కాక."

అక్క ముందుకొచ్చింది. "బతుకమ్మల పేర్చిన తంగేడు తెల్లారి ఎట్లైతదో, గట్లనా?"

"అలాగే అక్కా. ఇంకొంచెం ఎర్రగా."

"ఇంకొంచెం ఎర్రగంటే రెండోనాడు" అంది అక్క, ఇక అందులో అనుమానమేమీ లేనట్టు.

మర్నాడు పదకొండింటికి డాబా మీద అక్క తన గోనెసంచీ బోర్లించింది. ఇన్నేళ్ళుగా మెత్తలు కుట్టడానికి దాచిన చిందీలు, అంటే కత్తిరించగా మిగిలిన పీలికలు. వేల రంగులు. పాప ఆ కుప్పలో కూర్చుని రెండు చేతులా ఎత్తి నెత్తిన పోసుకుంది. ఇంకో రోజైతే ఆ పీలికలు గొంతులో అడ్డం పడతాయని దాన్ని ఎత్తుకునేదాన్ని. ఆ రోజు దాని చెయ్యి నోటి దగ్గరకి పోయినప్పుడల్లా అక్క ఎడమచేత్తో లాగేస్తూ, కుడిచేత్తో ఏరుతూ ఉంది.

రంగు ఎలా చూడాలో బావగారు నేర్పారు. ఎండలో చూడకూడదు, నీడలో చూడాలి. తెల్ల కవరుకి చతురస్రంగా కన్నం కత్తిరించి, ఆ కన్నం కింద ముక్క పెట్టి చూడాలి. అప్పుడు పక్క రంగులు దాని మీదికి రావు. మేం ఏరినవి ఒక్కొక్కటే కన్నం కింద జరిపారు. తంగేడు మొదటి రోజు, తంగేడు మూడో రోజు, ఆవాలు నూరిన రంగు, పాత ఇత్తడి. మొదట్లో నాకు గట్టిగా తెలుసు అనుకున్నాను. పదో ముక్కకి ఏమీ తెలియకుండా పోయింది. చూసిన ప్రతి ముక్కా నా జ్ఞాపకాన్ని కాస్త తన వైపు లాక్కుంటోంది. అన్నీ అదే అనిపిస్తున్నాయి, ఏదీ కాదనీ అనిపిస్తోంది.

"మాటికి రంగునే చూడొద్దు" అన్నారు బావగారు. "నడుమ తెల్లగోడ చూడాలె. కండ్లు కడుక్కున్నట్టైతది."

గోడ చూశాను. ముక్క చూశాను. గోడ చూశాను. ఆ తెలుపులో మా గది కనిపించింది. మధ్యాహ్నం. కిటికీ తెర దించి ఉంది. పాప బొటనవేలు నెమ్మదిగా కదులుతోంది. అది నిద్రలోకి జారుతున్నకొద్దీ వేలు ఆగి, కదిలి, ఆగుతుంది. నేను పెన్ను ఎత్తి పట్టుకుని ఉన్నాను, చప్పుడు కాకుండా. తెరలోంచి వచ్చే వెలుతురు ముక్క మీద పడుతోంది. మా తెర ముదురు ఎరుపు. ఆ ముక్కలో ఎరుపనేది లేదు. అది మా తెర ఎరుపు.

"ఎరుపు తీసెయ్యండి" అన్నాను. "అక్క మొదట చెప్పిందే. తెల్లారి తంగేడు."

అక్క ముందే పక్కకి పెట్టుకున్న ఒక ముక్క తీసి ఇచ్చింది. బావగారు కన్నం కింద పెట్టారు. నేను గోడ చూసి, ముక్క చూసి, "ఇదే" అన్నాను. అన్న మరుక్షణమే కాదేమో అనిపించడం మొదలైంది. కానీ ఆయన అప్పటికే దాన్ని రెండంగుళాలకి కత్తిరించి, జిగురు రాసి, నా అక్షరాల మీద అంటించేశారు. డిజైన్ మిగిలిన అయిదింటిలోనూ ఉంది, రంగు ఒక్కటే కావాలి కాబట్టి సాదా ముక్కయినా ఫరవాలేదన్నారు. పుస్తకం చంకలో పెట్టుకుని మెట్లు దిగారు.

కాపీ చేసుకునే వ్యవధి లేదు. అడగడానికి నోరూ రాలేదు. నేను రాసుకున్నదంతా ఆయన చంకలో పాండేసర వైపు వెళ్ళిపోయింది.

ఆయన వచ్చేదాకా నేను ఏమీ తినలేదు. అక్క తిన్నది. "నువ్వు తినకుంటే రంగు గలుస్తదా?" అంది. మిల్లులో ఏం జరిగిందో ఆయనే చెప్పారు. మాస్టరు పేజీ చూసి, అతికించిన ముక్క వేరేదని ఒక్క చూపులో పట్టేశాడట. ఈయన దాచలేదు. పోయింది సార్, రోజూ చూసిన మనిషి యాది చేసుకుని ఏరిచ్చింది అన్నారట. మాస్టరు చాలాసేపు తిట్టి, అలిసిపోయి, ఆ రంగుతో ఒక మీటరు వేయించి, మిగిలిన అయిదింటి పక్కన పరిచి చూశాడట.

"మెల్లగ తలూపిండు. తలూపిండంటే అయిపోయినట్టే. పార్టీకి పంపిస్తండ్రు." అప్పుడు కూర్చున్నారు బావగారు, మెట్టు మీద, ఒక్కసారిగా. "గని మేడం, మీ రాతలు జూసి ఇదేందిరా అన్నడు. ఆయనకు తెలుగు రాదు గద. మా భాషల రంగుల పేర్లు సార్ అన్న. గింత పొడుగు పేర్లుంటయా అన్నడు. మా భాష గట్లనే ఉంటది సార్ అన్న."

అక్క నవ్వు మొదలుపెడితే ఆపడం ఎవరి తరమూ కాదు. నేనూ నవ్వాను. నవ్వుతూ ఉంటే కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారాయి.

కలకత్తా వ్యాపారి ఒప్పుకున్నాడు. బావగారి ఉద్యోగం నిలబడింది. అది నిజంగా ఆ రంగేనా అంటే ఇవాళ్టికీ నాకు తెలియదు. కొన్ని వందలమంది ఆడవాళ్ళు నా జ్ఞాపకం కట్టుకుని పెళ్ళిళ్ళలో తిరుగుతున్నారని ఒక్కోసారి అనిపిస్తుంది. కొన్నిసార్లు, నా పొరపాటు కట్టుకుని తిరుగుతున్నారని.

పుస్తకం మాత్రం తిరిగి రాలేదు. అందులో మిగతా డిజైన్లు కూడా మళ్ళీ నడుస్తాయేమోనని మిల్లులోనే ఉంచేశారు. మా ఆయన ఒక గీతల నోటుబుక్కు కొనిపెట్టారు. చివరి అట్ట మీద ఎక్కాలున్నవి. "పాప బరువు రాసుకో" అన్నారు. అప్పుడు చెప్పాను, బరువు కాదని. ఆయన "మరి చదివి వినిపించవా?" అన్నారు. వినిపించడానికి నా దగ్గర ఏమీ లేదు. గీతల మధ్య ఏమీ తోచలేదు. పేజీ ఎప్పుడూ తెల్లగానే ఉండేది. నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి. నాలో ఏదో ఉండేదని, అది ఆ బట్టల్లోనే ఉండేదేమోనని, ఇక లేదని నమ్మడానికి సిద్ధపడ్డాను.

వానలు మొదలయ్యాక ఒక రోజు బట్టలు తీస్తుంటే మెట్ల కింద నుంచి బావగారు పిలిచారు.

"మేడం, గా రిక్షా దిగినామె సంగతేంది?"

నాకు అర్థం కాలేదు.

"గదే, మీ పుస్తకంల. పచ్చరంగు షిఫాన్ పక్కపొంటి. 'ఒకావిడ రోజూ ఇంటికి వెళ్ళేటప్పుడు, నలుగురూ కలిసి ఎక్కే షటిల్ రిక్షా ఒక స్టాపు ముందే దిగుతుంది. ఆ నడిచే కాసేపూ ఎవరికీ ఏమీ కాదు.' గంతనే ఉన్నది. ఒక దినం ఏమైతది?"

"మీరు... అవన్నీ చదువుతున్నారా?"

"చాయ్ తాగేటప్పుడు రోజొకటి. సాంపిళ్ళ రూముల నాకేం పనుంటది? కలలు పంచెటోడు నాకు నచ్చలే. ఈమె నచ్చింది. మల్ల ఏమైందో రాయలేదేంది?"

"నాకూ తెలియదు బావగారూ. అంతవరకే తోచింది."

"తోచకపోవుడేంది? దిగింది గద. నడుస్తున్నది గద. నడిస్తే ఏదన్న అయితది."

నేను తడిబట్టలు చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఏదో ఒకటి చెప్పి పంపించేద్దామని, "ఒకరోజు ఆవిడ అలా నడుస్తుంటే వాన వచ్చింది. ఇంటికి పరుగెత్తింది" అన్నాను.

ఆయన ఒప్పుకోలేదు. "వానకు ఉరికేదైతే గా స్టాపుల ఎందుకు దిగుతది? ఉరకదు. నిలబడ్తది. ఏడ నిలబడ్తది?"

"ఏదో ఒక ఇంటి చూరు కింద" అన్నాను.

లోపల్నుంచి అక్క గొంతు వచ్చింది. "ఎవరింటి చూరు? గా ఇంటోళ్ళు బయటకొచ్చి, ఎవరమ్మా నువ్వు అని అడగరా?"

"అడుగుతారు" అన్నాను. అన్నాక, ఆవిడ ఏం జవాబు చెబుతుందో చూడాలనిపించింది. బట్టలు అక్కడే మెట్టు మీద పెట్టి, పైకి వెళ్ళి, గీతల పుస్తకం తెచ్చుకుని అదే మెట్టు మీద కూర్చున్నాను.

"జల్ది రాయి" అంది అక్క. "ఈయనకు రెండు గంటల షిఫ్టున్నది. తెలియకుంటే ఆడ పొద్దంత గదే ఆలోచించుకుంట కూసుంటడు, మల్ల ఏ పుస్తకం పారేస్తడో."